దూరపోడికి ఎన్‌కౌంటర్, మనోడికి రాజీ

బెంగళూరులో మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపు చూస్తే ఒక్కోసారి భయమేస్తుంది. ఎక్కడో ఏదో ఘోరం జరిగిందని టీవీలో వస్తుంది, పది నిమిషాల్లో మెసేజులు మొదలు, ఎన్‌కౌంటరే కరెక్టు, నడిరోడ్డు మీద ఉరి తియ్యాలి, వీళ్ళకి లాయర్లు కూడానా అని. పెట్టేవాళ్ళేమైనా రౌడీలా అంటే కాదు, మంచి ఉద్యోగాలు చేసుకుంటూ ఉగాది రోజు పచ్చడి గిన్నెలు మోసే మనుషులే. అదే మనుషులు, మన తెలుగు కుర్రాడే ఎవరి తలో పగలగొడితే, లేదా మన సభ్యుల ఇంట్లోనే కోడలి మీద చెయ్యి పడితే, గ్రూపులో ఒక్క అక్షరం రాయరు. విడిగా ఫోన్లు తిరుగుతాయి, "ఎందుకండీ స్టేషన్లూ కోర్టులూ, పరువు పోద్ది, మనమే కూర్చోబెట్టి మాట్లాడేద్దాం" అని.

నాకు ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. తుపాకీ అయినా రాజీ అయినా, దెబ్బ తిన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని "నీకు ఏం కావాలి" అని అడిగేవాడు రెండిట్లోనూ లేడు. తొందరగా ముగించేసి ఇంటికెళ్ళిపోవాలన్న ఆత్రం మాత్రం రెండిట్లోనూ ఉంది.

ఎన్‌కౌంటర్ సంగతి ముందు చెప్పేస్తా, ఎందుకంటే దాని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ అని పిలిచిన అమ్మాయి హత్యాచారం కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేస్తే అక్కడే పోలీసుల మీద పూలు చల్లారు, ఇక్కడ బెంగళూరులో మనవాళ్ళు స్వీట్లు పంచుకున్నారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పిందో ఎంతమంది చదివారు? చంపాలనే కాల్చారు, పది మంది పోలీసుల మీద కేసు నడపాలి, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లు అని చెప్పింది. ఆ రిపోర్టు గురించి మన గ్రూపులో ఒక్క ఫార్వర్డ్ కూడా రాలేదు. విచారణ జరిగి ఉంటే ఆ రాత్రి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఆ అమ్మాయి తల్లిదండ్రులకి కోర్టులో అయినా తెలిసేది, ఆ దారి ఆ పొద్దున్నే మూసుకుపోయింది.

ఇక రాజీ. ఇది మన సొంత సరుకు, దీని గురించే నేను రాయాలనుకుంది.

మున్నేకొళాలలో ముగ్గురు కుర్రాళ్ళు ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు, ముగ్గురూ మనవాళ్ళే. ఒకడు ఉద్యోగం మారి ఖాళీ చేస్తున్నాడు, అడ్వాన్సులో తన వాటా తనకి ఇచ్చెయ్యమన్నాడు, ఓనరు ఇస్తే ఇస్తాం అన్నారు, బెంగళూరు అడ్వాన్సుల సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా, మాటా మాటా పెరిగింది, ఒకడు కుక్కర్ మూత తీసుకుని చెవి మీద కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు, ఫోన్ లాక్కుని తలుపుకి బయట గడియ పెట్టి వెళ్ళిపోయాడు. రక్తం కారుతున్న కుర్రాడు బాల్కనీలోంచి కింద వాచ్‌మన్‌ని కేకేసి పిలిస్తే గాని తలుపు తెరుచుకోలేదు. ఆస్పత్రివాళ్ళు ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాశారు కాబట్టి విషయం స్టేషన్‌కి వెళ్ళింది. నాకు కన్నడం రాయడం వచ్చు కాబట్టి నన్నూ పిలిచారు. లోపల కొట్టినవాడి నాన్న, మేనమామ, మన పెద్దలు ఇద్దరు, ఎస్సై. "పిల్లోళ్ళు సార్, ఏదో ఆవేశంలో, కెరీర్ పోతుంది సార్" అని ఒకటే పాట. ఆస్పత్రి బిల్లు కొట్టినవాళ్ళు కట్టేట్టు, ఇకమీద గొడవ పడబోమని ఇద్దరి దగ్గరా ముచ్చళికె, అంటే హామీ పత్రం, రాయించుకునేట్టు తేల్చారు. మళ్ళీ చదవండి, ఇద్దరి దగ్గరా. దెబ్బ తిన్నవాడు ఇదంతా జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద, చెవికి కట్టు, చొక్కా కాలరు మీద ఎండిన రక్తం, సంతకానికి మాత్రం లోపలికి పిలిచారు.

బయటికొచ్చాక టీ తాగుతూ వాడు నాతో అన్నది ఒకటే. "అన్నా, బిల్లు మా నాన్న కట్టుకోగలడు. గడియ ఎందుకు పెట్టాడో అడగాలనుకున్నా. నేను చచ్చిపోతే ఏమనుకున్నాడు?" ఆ తర్వాత చాన్నాళ్ళు ఆ పిల్లోడు ఏ గదిలో పడుకున్నా తలుపు వేసుకునేవాడు కాదంట, వాళ్ళ అమ్మ చెప్పింది. కొట్టినవాడిని వాళ్ళ నాన్న అదే వారం హైదరాబాద్ పంపించేశాడు. వాడు కూడా ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, వాడిని ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. మామూలు దెబ్బల కేసులో రాజీకి ఒప్పుకునే హక్కు చట్టప్రకారం దెబ్బ తిన్న మనిషిది. కొట్టినవాడి నాన్నదీ కాదు, సంఘం ప్రెసిడెంటుదీ కాదు. పెద్ద గాయాలైతే కోర్టు పర్మిషన్ కూడా కావాలి. హత్య, రేప్ లాంటివాటిలో రెండు పార్టీలూ రాజీ పడ్డాయని చెప్పి కేసు కొట్టెయ్యడానికి వీల్లేదని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

సరే అయితే కేసు పెట్టి జైల్లో వేయిస్తే ఆ కుర్రాడికి జవాబు దొరికేదా అంటే, దొరికేది కాదనే నేనంటా. కొట్టినవాడి లాయర్ మొదట చెప్పే మాట "నోరెత్తకు, నాకేం తెలీదు అను" అని. అది లాయర్ తప్పు కాదు, ఆట రూలే అంత. సంవత్సరాల తర్వాత బోనులో నిలబడ్డ కుర్రాడిని "కుక్కర్ మూత ఏ కంపెనీది, ఏ చేత్తో పట్టుకున్నాడు, నువ్వే ముందు తిట్టావు కదా" అని క్రాస్ చేస్తారు, దెబ్బ తిన్నవాడు సాక్షి, కేసు ప్రభుత్వానిది. ఇక జైలు భయం ఉంటేనే జనం అదుపులో ఉంటారు అనేవాళ్ళకి ఒక లెక్క. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్కల్లో దేశం మొత్తం జైళ్ళలో ఉన్నది 5.73 లక్షల మంది, అందులో 4.34 లక్షలు విచారణ ఖైదీలు, అంటే నూటికి డెబ్భై ఐదు మంది పైనే ఇంకా దోషులని తేలనివాళ్ళు. బెయిలుకి పూచీ దొరకనివాడు లోపల, దొరికినవాడు బయట, మనం శిక్ష అని పిలుచుకుంటున్నది చాలావరకు ఈ ఎదురుచూపే. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి, మొదటిసారి కేసులో పడ్డవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే బెయిల్ మీద వదలాలని ఒక సెక్షన్ పెట్టారు, ఐదు వేల లోపు చిన్న దొంగతనం, తాగి రోడ్డు మీద గోల చెయ్యడం లాంటి ఓ ఆరు నేరాలకి సమాజ సేవ శిక్షగా వేయొచ్చన్నారు, మంచిదే. కానీ ఆ సేవ చేసేవాడు ఎవరి కోసం చేస్తున్నాడు, దొంగతనం జరిగిన ఇంటావిడకి దానితో ఏం సంబంధం అన్నది అందులో లేదు.

వేరే దేశాల్లో దీని మీద కొంత పని జరిగింది. 1974లో కెనడాలో ఒంటారియో రాష్ట్రం ఎల్మీరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు ఒక రాత్రి తాగేసి 22 చోట్ల కార్ల టైర్లు కోసి, అద్దాలు పగలగొట్టి నానా బీభత్సం చేశారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ ఆఫీసరు జడ్జిగారితో, వీళ్ళని ఆ ఇళ్ళన్నిటికీ పంపిస్తే ఎలా ఉంటుంది అన్నాడు, జడ్జి సరే అన్నాడు. తలుపు తలుపూ తట్టి, నేనే చేశాను అని చెప్పి, ఎంత నష్టమో రాసుకుని, తర్వాత డబ్బు కట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా రిస్టోరేటివ్ జస్టిస్, అంటే జరిగిన నష్టాన్ని సరిచేసే న్యాయం, అంటున్నది ఆధునికంగా అక్కడ మొదలైందని అంటారు. న్యూజిలాండ్‌లో మావోరీలు మా పిల్లల్ని మీ కోర్టులూ హోములూ మింగేస్తున్నాయని పోరాడితే 1989లో చట్టమే మార్చారు, పిల్లలు చేసిన నేరాల్లో హత్య లాంటివి తప్ప మిగతావాటికి కుటుంబం, బాధితులు, పోలీసు కలిసి కూర్చునే పద్ధతి పెట్టారు.

నన్ను బాగా కదిలించింది మాత్రం న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 2008లో డానియెల్ సెరెడ్ మొదలుపెట్టిన కామన్ జస్టిస్ అనే సంస్థ. వీళ్ళు చిల్లర కేసులు కాదు, కత్తిపోట్లు, దోపిడీలు, పెద్ద కొట్లాటలు తీసుకుంటారు. దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుంటేనే ముందుకెళ్తారు. ఆ మనుషుల్ని అడిగితే, వాడిని జైలుకి పంపుతారా, ఈ పద్ధతిలోకి తెస్తారా అని, నూటికి తొంభై మంది దాకా ఈ పద్ధతే కావాలన్నారు. దయ ఎక్కువై కాదు. జైలు నుంచి వచ్చాక వాడు మళ్ళీ ఇదే వీధిలో తిరుగుతాడు, నాకైనా ఇంకొకడికైనా మళ్ళీ ఇలా జరగకూడదు, దానికి ఏది పనికొస్తే అది కావాలి అనే లెక్కతో. మన బెంచీ కుర్రాడి ప్రశ్న కూడా దానికి దగ్గర్లోనే ఉంది కదా.

ఇదంతా చదివి మన పెద్దలు "చూశారా, మనం ఎప్పట్నుంచో చేస్తున్నదే అమెరికా వాడు ఇప్పుడు కనిపెట్టాడు, రచ్చబండ" అంటారు, అంటారేంటి, ఆల్రెడీ అన్నారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుద్ది. రచ్చబండ మీద ఎవరు కూర్చునేవాళ్ళు, ఎవరు చేతులు కట్టుకుని కింద నిలబడేవాళ్ళు? నాది అనంతపురం జిల్లా, ఫ్యాక్షన్ ఊళ్ళలో రాజీలు ఎలా జరిగేవో చిన్నప్పట్నుంచి విన్నా. ఇద్దరు నాయకులు ఎలక్షన్ ముందు ఒకటైతే రెండు వైపులా కేసులు నీరుగారిపోతాయి, సాక్షులు అడ్డం తిరుగుతారు, బాంబుల్లో పోయిన కూలోడి పెళ్ళాన్ని ఎవరూ ఒక్క మాట అడగరు. ఆ రాజీ ఇంకో ఎలక్షన్ దాకా ఉంటుంది, మళ్ళీ మొదలు. ఆ గొడవల భయానికే పిల్లల్ని బెంగళూరులో చదివించుకున్న కుటుంబాలు మన సంఘంలోనే ఉన్నాయి, వాళ్ళని అడగండి రచ్చబండ గురించి.

దళితుల్ని ఊచకోత కోసిన చుండూరు గుర్తుందా, 1991 ఆగస్టు 6. అక్కడ ఏ పెద్దమనుషులు దళితులకి న్యాయం చేసి ఉండేవాళ్ళు? వాళ్ళు పోరాడి స్పెషల్ కోర్టుని ఊళ్ళోకే తెప్పించుకున్నారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కోర్టు కూడా చేతులెత్తేసింది కదా అని దాన్ని తీసుకెళ్ళి ఊరి పెద్దల చేతిలో పెడదామా? ఒక కులం మొత్తం ఇంకో కులం మీద పడ్డ చోట అందరం గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుందాం అనడం దెబ్బ తిన్నవాళ్ళని ఇంకోసారి కొట్టడమే. చట్టం, కోర్టు, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇచ్చే రక్షణ, అవి ముందు ఉండాలి.

బలవంతంగా కలిపెయ్యడం కోర్టులు కూడా చేస్తాయండోయ్. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో, ఇంట్లోకి చొరబడి మహిళ మీద చెయ్యేసిన నిందితుడికి బెయిలిస్తూ, రాఖీ పండక్కి ఆవిడింటికి స్వీట్లు తీసుకెళ్ళి రాఖీ కట్టమని అడగాలని షరతు పెట్టింది. ఆవిడకి మళ్ళీ వాడి మొహం చూడాలని ఉందా లేదా అని కూడా లేదు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది, ఇలాంటివి ఇంకెప్పుడూ పెట్టొద్దంది. గాయం మాన్పడం పేరుతో ఎంత అన్యాయం జరగొచ్చో దానికి ఇంతకన్నా ఏం చెప్పాలి.

అందుకే ఇంట్లో కొట్టే మొగుళ్ళ విషయంలో నాది గట్టి మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో భర్త హింస ఎదుర్కొన్నామని చెప్పిన ఆడవాళ్ళు నూటికి 44 మంది, దేశంలోకెల్లా ఎక్కువ. అందులో మనవాళ్ళు లేరనుకుంటే మన పిచ్చి. ఈ కేసుల్లో మన కమిటీ చేసే "సర్దుకుపో అమ్మా, పిల్లలున్నారు" కౌన్సెలింగ్ ఇవాళ్టి నుంచే ఆపెయ్యాలి. ఆవిడ సోఫా చివర కూర్చుని ఉంటుంది, ఎదురుగా మొగుడు, అత్తగారు, మనం, టీ కప్పులు, ఆ గదిలో ఆవిడ నిజం చెప్తే రాత్రికి ఇంట్లో ఏం జరుగుతుందో మనకి తెలీదా? ఆవిడకి కావాల్సింది మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసేటప్పుడు పక్కన ఒక మనిషి, 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు ఆవిడకి ఉందని చెప్పే లాయరు, ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తే కన్నడంలో మాట్లాడిపెట్టేవాళ్ళు, పిల్లాడిని స్కూల్ నుంచి తెచ్చేవాళ్ళు, రెండు నెలలు తలదాచుకునే గది. సంఘం అనేదానికి నిజంగా బలం ఉన్నది ఇక్కడ. వాణిజ్య పన్నుల ఆఫీసులో ఎవరు తెలుసు, కార్పొరేషన్‌లో ఎవరు తెలుసు అని సభ్యుల పరిచయాల చిట్టా మన దగ్గర ఉంటుంది, ఆవిడకి గది అద్దెకిచ్చేవాళ్ళెవరో మాత్రం మనకి తెలీదు.

మరి కుక్కర్ మూత కేసుల్లాంటివో? అక్కడ మాత్రం ఈ కొత్త పద్ధతి ప్రయత్నించాలని నా వాదన. చట్టం కూడా కొంచెం తలుపు తెరిచింది. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో కమ్యూనిటీ మీడియేషన్ అని ఒక భాగం ఉంది, ఒక ప్రాంతంలో ఇరుగుపొరుగు, కుటుంబాల మధ్య శాంతికి అడ్డొచ్చే గొడవల్ని రెండు వైపులా ముందే ఒప్పుకుంటే ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ ముందు పెట్టుకోవచ్చు, ఆ ప్యానెల్లో రెసిడెంట్స్ అసోసియేషన్ వాళ్ళు కూడా ఉండొచ్చు, ఆడవాళ్ళకి చోటు ఉండేలా చూడాలి అని. అయితే ఆ చట్టంలో అన్ని సెక్షన్లూ ఒకేసారి అమల్లోకి రాలేదు, పైగా అది సివిల్ గొడవల కోసం, నేరం జరిగిన చోట కోర్టు కోర్టే. మనం చేసేది కోర్టుకి పక్కన నడిచేదే తప్ప దాని బదులు కాదు. మన బెంగళూరులోనే ఎన్‌ఫోల్డ్ అనే సంస్థ పిల్లల విషయంలో, ముఖ్యంగా హోముల్లో ఉండే పిల్లలతో, ఇలాంటి రిస్టోరేటివ్ పద్ధతుల మీద పనిచేస్తోంది, నేర్పేవాళ్ళ కోసం అమెరికా పోనక్కర్లేదు, మనూరి ట్రాఫిక్ దాటితే చాలు.

ఎలా ఉండాలంటే నా ఊహ ఇది. ముందు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు. వారాల తరబడి విడివిడిగా మాట్లాడాలి. దెబ్బ తిన్నవాడు నాకొద్దు అంటే అక్కడితో ఆపెయ్యాలి, ఎందుకొద్దు అని అడక్కూడదు, మధ్యలో లేచెళ్ళిపోతానన్నా సరే. కొట్టినవాడు ముందు "నేను కొట్టాను, గడియ నేనే పెట్టాను" అని తన నోటితో చెప్పాలి, "అనుకోకుండా జరిగింది" అంటే ఇంకా సిద్ధంగా లేడని అర్థం, పంపించెయ్యాలి. ఈ పని తేలికనుకునేవాళ్ళు ఒక్కసారి తమ ఇంట్లో తమ్ముడితోనో పెళ్ళాంతోనో ప్రయత్నించి చూడండి. తర్వాత ఏం చేస్తాడో కాగితం మీద ఉండాలి, డబ్బు ఒక్కటే కాకుండా, ఆ కుర్రాడి చెవి టెస్టులకి సెలవు పెట్టి వెంట వెళ్తాడా, తాగుడు మానడానికి ఎక్కడ చేరతాడు, ఆరు నెలల తర్వాత ఎవరు కనుక్కుంటారు అనేవి. దెబ్బ తిన్నవాడికి నిద్ర పట్టకపోతే అదీ మన పనే, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు, నిమ్హాన్స్ ఆస్పత్రి మనూళ్ళోనే ఉంది, వెంట వెళ్ళేవాడు ఒకడుంటే చాలు.

ఈ పని చేసేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఒకే కులం వాళ్ళు నిండిపోకూడదు, మన సంఘాల్లో ఏ కులం వాళ్ళు ఎంతమంది ఉన్నారో నన్ను ఇక్కడ రాయించకండి. సభ్యత్వ రుసుము కట్టినవాళ్ళకే అనకూడదు, వర్తూరు వైపు సైట్లలో రేకుల షెడ్లలో ఉండే మన పాలమూరు, కర్నూలు మేస్త్రీలూ కూలోళ్ళూ మన సంక్రాంతి సంబరాలకి ఎప్పుడూ రాలేదు, మనం పిలవనూ లేదు, వాళ్ళ షెడ్లలో శనివారం కూలి డబ్బుల దగ్గర జరిగే కొట్లాటలకి ముచ్చళికె రాసేవాడు కూడా ఉండడు, ఎస్సై లాఠీ ఒకటే.

వచ్చే జనరల్ బాడీలో నేను ఒక తీర్మానం పెడుతున్నా. కమిటీ సభ్యులు, మాజీ ప్రెసిడెంట్లు, ఉగాది స్పాన్సర్లు, వీళ్ళ ఇళ్ళలోంచి ఫిర్యాదు వస్తే మనవాళ్ళెవరూ మధ్యలోకి వెళ్ళకూడదు, బయటి సంస్థకి అప్పగించాలి, స్పాన్సర్ పోయినా సరే. మొన్న ఇది కమిటీలో చదివితే ట్రెజరర్ గారు నవ్వుతూ "అయితే వచ్చే ఏడాది ఉగాదికి పులిహోరతో సరిపెట్టుకోవాలి" అన్నారు. పులిహోరే పెడదాం. ఓటింగ్ రోజు చేతులెత్తడం కాకుండా చీటీల మీద పెట్టమని కూడా అడుగుతున్నా, ఎందుకంటే ఆ హాల్లో ఎవరి మొగుడి ముందు ఎవరు చెయ్యి ఎత్తగలరో లేదో మనకి తెలీదు.